లంకకి వెళ్లే ఆశా అక్క

పోయిన వారం పొద్దున్న ఒక ఇంటి అరుగు మీద పసిబిడ్డను తూకం వేస్తుండగా మా నర్సమ్మగారు ఫోన్ చేశారు. "అక్క పోయిందమ్మా. నిద్రలోనే గుండె ఆగిపోయిందంట," అన్నారు. ముందు నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చే రోజులు. ఏటి మధ్య ఉన్న లంక ఊరికి ఇక ఎవరు వెళతారు?

ఆమె మా ఊళ్లో అందరికన్నా పాత ఆశా కార్యకర్త. గర్భిణుల్ని కనిపెట్టుకుని ఉండడం, వేళకి ఆసుపత్రికి చేర్చడం మా పని. నేను చేరినప్పుడు నన్ను వెంటేసుకుని తిరిగి నేర్పింది ఆమే. ఊరంతా ఆమెను ధైర్యవంతురాలనేది. ఆమెకెంత భయమో పక్కన నడిచిన నాకు తెలుసు. ఎవరింటికి వెళ్లినా చెప్పులు వీధివైపు తిప్పి విడిచేది, పరుగెత్తాల్సి వస్తుందేమోనని. "అంతా బాగానే ఉందండి" అని ఇంట్లోవాళ్లు చెప్పినా, సందు చివరిదాకా వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లేది. "భయం ఉన్నోళ్లే రెండోసారి తలుపు కొడతారే," అనేది నాతో.

కిందటి వానాకాలం కాలేజీ నుంచి ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. మాకు పని మీద ఎంత ఉత్సాహం ఉందో కొలుస్తున్నారట. రేవు దగ్గర టీకొట్టు బల్ల మీద అక్కను కూర్చోబెట్టి అడిగింది.

"ఈ పని ఎందుకు చేస్తున్నారండీ? గౌరవం కోసమా, సంపాదన కోసమా, సేవ అనుకునా?"

అక్క ఆలోచిస్తుండగానే లంక నుంచి ఫోన్. నెలలు నిండకుండానే ఒక పిల్లకు నొప్పులొచ్చాయి, రక్తం పోతోంది. అప్పటికే రేవు మెట్లు మునిగిపోయాయి.

"వెళ్లగలం గానీ అమ్మా, తిరిగి రాగలమో లేదో చెప్పలేను," అన్నాడు పడవ నడిపే ఆయన.

"నాకూ భయంగానే ఉంది బాబాయ్. ఆ పిల్లకి ఇంకెంత భయంగా ఉంటదో," అంటూ అక్క ఎక్కేసింది. ఒడ్డున ఉండి చూడ్డం ఇంకా భయమనిపించి నేనూ ఎక్కాను.

పిల్లను ఎక్కించుకుని వస్తుంటే నడి ఏట్లో ఇంజను ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది. కొట్టుకొచ్చిన చెట్టొకటి అంచును రాసుకుంటూ పోయింది. నేను కళ్లు మూసుకున్నాను. అక్క ఆ పిల్ల తలను ఒళ్లో పెట్టుకుంది. పళ్లు కటకటలాడుతుంటే మాట తడబడుతోంది.

"నీళ్లకేసి చూడకమ్మా, నన్నే చూడు. నాకూ భయమే. ఇద్దరం కలిసి భయపడదాం."

ఎన్నిసార్లు తాడు లాగాక ఇంజను అందుకుందో తెలియదు. రేవులో ఆ కాలేజీ అమ్మాయి మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉంది. అంబులెన్సుకు ఫోన్ చేసి పిలిపించింది తనే. తల్లీ బిడ్డా దక్కారు.

తరవాత టీకొట్టు దగ్గర అక్క తడిసిన కొంగు పిండుకుంటోంది. ఆ అమ్మాయి, "మిగతావి ఇంకోరోజు అడుగుతానండీ," అంది.

"ఇప్పుడే రాసుకో తల్లీ. భయం వల్ల చేస్తున్నాను. చేరిన కొత్తలో ఒకింటోళ్లు తలుపు తీయలేదని తిరిగొచ్చేశాను. ఆ బాలింత సాయంత్రానికి లేదు. నేను వెళ్లని ఇంట్లో ఏమవుతుందో అని... అదే భయం, ఇప్పటికీ."

"ఈ ట్యాబ్‌లో ఆ మాట లేదండీ."

"అయితే నీకు తోచింది నొక్కు." అక్క నవ్వింది. ఆ అమ్మాయి ఏదీ నొక్కకుండానే ట్యాబ్ సంచిలో పెట్టేసుకుంది.

ఇప్పుడు లంక నాకు అప్పగించారు. అక్క నాకు పని నేర్పిందనుకున్నాను. తన భయాన్ని కూడా ఇచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఈ పొద్దున్న పడవెక్కాను. అవతలి ఒడ్డున ఒక నిండుచూలాలు కొంగు నెత్తిన కప్పుకుని మా పడవ కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆమె పాదాల మీదికి ఎర్రనీరు మెల్లగా ఎక్కుతోంది. ఆమె కదలడం లేదు.