కంట్రోల్ సీసాకు బదులు ఈదయ్య

సువర్ణది కోదాడ బస్టాండు వెనక సందులో ఒక గది ల్యాబు. ముందు సగంలో రెండు బెంచీలు, వెనక సగంలో ఒక మిషను, ఒక ఫ్రిజ్, సువర్ణ. ఎదుటి మేడ మీద హైదరాబాదు కంపెనీ ఏసీతో సహా ల్యాబు తెరిచినా ఈ గది మూతపడకపోవడానికి కారణం ఒక్కటే. సందు చివర క్లినిక్‌లో కూర్చునే డాక్టర్ పూర్ణిమ, సువర్ణ ఇచ్చిన రిపోర్టును ఇంకోచోట సరిచూసుకోమని ఎవరికీ చెప్పలేదు. ఆ నమ్మకం పోతే బెంచీలు అమ్ముకోవడం తప్ప సువర్ణకు వేరే పని ఉండదు.

ఆ ఏడాది పరీక్షల కిట్ల ధరలు మాటిమాటికీ పెరిగాయి. మిర్యాలగూడ నుంచి సరుకు తెచ్చే సతీష్ కొత్త రేట్ల కాగితం బల్ల మీద పెట్టి, మంచినీళ్లు తాగి, ఒకసారి డాలరనీ ఒకసారి డీజిలనీ చెప్పి వెళ్లేవాడు. సువర్ణ మాత్రం షుగర్ పరీక్ష రేటు పెంచలేదు. పెంచితే జనం ఎదుటి మేడ ఎక్కుతారు. అక్కడ ఏసీ ఊరికే వస్తుంది.

కిట్టు లేకుండా పరీక్ష చేయలేరు. కంట్రోల్ లేకుండా చేయవచ్చు గాని చేయకూడదు. కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన నమూనా. పొద్దున్నే మొదట దాన్ని మిషనులో పెట్టి, సీసా మీద ఉన్న అంకె వస్తేనే మిగతావాళ్ల రక్తం ముట్టుకోవాలి. ఆ చిన్న సీసా ధర రెట్టింపయ్యాక సువర్ణ తన భర్త ఈదయ్య వైపు చూసింది.

ఈదయ్య ఎరువుల దుకాణంలో గుమాస్తా. ఎప్పుడు చూసినా పరగడుపు షుగరు తొంభై రెండో, తొంభై మూడో. అంత నిలకడైన మనిషి సువర్ణకు మరొకరు తెలియదు. అతను అభ్యంతరం చెప్పలేదు; చాయ్ ముందా, రక్తం ముందా అని మాత్రం అడిగాడు. ఆ రోజు నుంచి సీసా కొనడం ఆగిపోయింది. దుకాణంలో ఈదయ్య పరపతి పెరిగింది.

"కోదాడ షుగరంతా నా మీదనే నడుస్తది," అని యూరియా కోసం వచ్చిన రైతులకు చెప్పేవాడు.

వానాకాలంలో సతీష్ ఒక చౌక కంపెనీ కిట్టు తెచ్చాడు. మర్నాడు ఈదయ్య నూట పద్దెనిమిది వచ్చాడు. కొన్నాళ్లకు నూట ముప్పై దాటాడు. సువర్ణ ఫోన్ చేసింది.

"సతీష్, నీ కిట్టు ఎక్కువ చూపిస్తుంది."

"అక్కా, మిర్యాలగూడల అందరూ గదే వాడుతున్నరు. ఎవ్వలు ఏమనలే."

"వాళ్లు చూసుకోరు. నేను రోజూ కంట్రోల్ పెడతా."

కంట్రోల్ ఎవరో ఆమె చెప్పలేదు. సతీష్ గొణుక్కుంటూ ఇంకో కిట్టు పంపాడు. అదీ అంతే. అప్పుడు సువర్ణ మిషను ప్రతి అంకెనూ హెచ్చించే ఫ్యాక్టర్ తగ్గించి, ఈదయ్యను తిరిగి తొంభై రెండుకు తెచ్చింది. మిషను ఎదురు చెప్పలేదు.

తర్వాత కోదాడ ఆరోగ్యం బాగుపడింది. చిలుకూరు వెంకటనర్సమ్మ షుగరు ఏళ్ల తరబడి వినని మాట ఆ వారం వింది. ఆమె బెల్లం చాయ్ మొదలుపెట్టింది. పూర్ణిమ నలుగురికి మాత్రలు తగ్గించింది. ఐదో రిపోర్టు చూసి పెన్ను పక్కన పెట్టి ఫోన్ తీసింది.

"సువర్ణా, నేను మందులు బాగానే రాస్తా. మరీ ఇంత బాగా రాయను. ఒకసారి చూసుకో."

సువర్ణ ఆనాటి నమూనాలన్నిటినీ, ఈదయ్యదానితో సహా, ఐసు డబ్బాలో పెట్టుకుని సూర్యాపేట బస్సెక్కింది. ఆమెతో డిప్లొమా చదివిన రుక్మిణికి అక్కడ ల్యాబు ఉంది. రుక్మిణి ఇప్పటికీ సీసా కొంటుంది. అన్నీ పరీక్షించి, సువర్ణ ఇచ్చిన రిపోర్టులతో పోల్చి చూసింది.

"అందరివి ఒక్క తీరుగ తక్కువ చూపించినవే. ఫ్యాక్టర్ తీసేయ్, నీ మిషన్ మంచిగనే ఉంది. కిట్టు గూడ మంచిదే. నువ్వు తొంభై రెండని రాసిన గీయనకు మాత్రం షుగర్ ఉంది. ఎవరే గీయన?"

"కంట్రోల్," అంది సువర్ణ.

రుక్మిణికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, మర్యాద కోసం, కిటికీ వైపు తిరిగింది.

ఫ్యాక్టర్ సరిచేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అంకెలు పెరిగితే జనం పెళ్లి భోజనాల మీదికి నెడతారు. కాని నలుగురికి మాత్రలు తగ్గాయి. సువర్ణ బస్సు దిగి నేరుగా క్లినిక్‌కు వెళ్లి, భర్త దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. పూర్ణిమ అందరినీ పిలిచి ఉచితంగా మళ్లీ చేయమంది. ఆ సాయంత్రం నుంచి క్లినిక్ చీటీలు ఎదుటి మేడకు వెళ్లడం మొదలైంది.

ఫోన్ చేస్తే కొందరు తిట్టారు, కొందరు రాలేదు. వెంకటనర్సమ్మ వచ్చింది.

"తగ్గిందన్నది నువ్వే, పెరిగిందంటున్నది నువ్వే. నడుమల నేనేం జేసిన?"

బెల్లం చాయ్ సంగతి సువర్ణ గుర్తుచేసింది.

"నీ కాయితం సూసే తాగిన గద," అంది వెంకటనర్సమ్మ.

సువర్ణ చేయి చాపమంది.

సతీష్‌కు ఫోన్ చేసి కిట్టు మంచిదేనని ఒప్పుకుని, కంట్రోల్ సీసా పంపమంది. అతను పెద్దమనసుతో క్షమించి, వచ్చే నెల నుంచి ఆ చౌక కిట్టు ధర కూడా పెరుగుతోందని చెప్పాడు. సువర్ణ బోర్డు మీద షుగర్ రేటు చెరిపి, పెంచి రాసింది. చదవడానికి బెంచీల మీద ఎవరూ లేరు.

ఈదయ్యను క్లినిక్‌కు తీసుకెళ్లడమే కష్టమైంది. తప్పు మిషనుదేనని దారి పొడవునా వాదించాడు. పూర్ణిమ మాత్రలు రాసి, నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోమంది. ఈదయ్య గొంతు తగ్గించి, ఎదుటి కంపెనీ ల్యాబుకు పోవాలా మేడమ్ అని అడిగాడు. సువర్ణ గోడ మీది కిడ్నీ బొమ్మను శ్రద్ధగా చూస్తోంది.

పూర్ణిమ తలెత్తలేదు.

"ఎందుకు, ఇంట్లోనే చేయించుకోండి. కాకపోతే ముందు సీసా, తర్వాత మీరు," అని చీటీ మీద సువర్ణ ల్యాబు పేరు రాసింది.