నేల తినని ఎరువు

మా ఊళ్లో ఎరువు వేశామని ఎవరూ అనరు, నేలకు పెట్టామంటారు. తొలకరి పడగానే ఒక గొర్రెల కాపరి మా చేలో నాలుగు రాత్రులు మంద నిలిపేవాడు. మందను తోలుకుపోయిన మూడో రోజు ఒక్కడే తిరిగొచ్చి, కాలితో మన్ను కదిలించి, "నేల తినిండాదప్పా" అని మా నాయనకు చెప్పేవాడు. అప్పటికి గొర్రె పెంటికలన్నీ మాయమయ్యేవి. పేడపురుగులు వాటిని దొర్లించుకుపోయి మట్టిలో దాచుకునేవి. తినేది నేల కాదు, ఆ పురుగులని అందరికీ తెలుసు. అయినా మాట అదే.

అరవైల్లో ఒక ఏడు మా వేరుశనగకు వేరుపురుగు పట్టింది. మొక్క పట్టుకుంటే వేరు లేకుండా చేతికొచ్చేది. మరుసటి ఏడు విత్తనాలు వేసే ముందు జీపులో ఎవరో వచ్చి తెల్లపొడి మూట ఇచ్చి, ఒక అచ్చుకాగితం చేతిలో పెట్టి పోయారు. ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే.

"ఏమ్మా, ఈ మందు ఎవురికంట? పురుగుకా, నేలకా?" అన్నాడు నాయన.

'నేలలో బాగా కలపవలెను' అని పైన పెద్ద అక్షరాల్లో ఉంది. "నేలకే నాయనా" అన్నాను. కింద సన్నక్షరాల్లో అది దేనికో, ఎంత వేయాలో రాశారు. అది చదివే ఓపిక నాకెక్కడిది! మహా చదువరిని కదా, నా మొహం!

"నేలకే అయితే పిసినారితనం ఎందుకు? మందు తక్కువైతే రోగం తిరగబెడతాది" అని, ఊరంతా పంచుకోవాల్సిన పొడిని మా ఒక్క చేలోనే ఉత్త చేతులతో కలిపేశాడు. ఆ ఏడు పంట బాగా వచ్చింది. నాకు కొమ్ములొచ్చాయి.

మరుసటి తొలకరికి కాపరి మళ్లీ మంద నిలిపాడు. మూడో రోజు వచ్చి చూస్తే పెంటికలు పడ్డవి పడ్డట్టే ఎండి ఉన్నాయి. గొంతుక్కూర్చుని కర్రతో తవ్వి చూశాడు.

"అన్నా, నీ నేల తినల్యా."

"వాన చాల్లేదేమోప్పా."

"గట్టవతల చేను తినిండాది గదా, ఆడ పడింది వాన కాదా? ఈడ తినేటోళ్లు ఒక్కరూ ల్యారు. నా జీవాలను ఇంక ఈడ నిలపనన్నా, ఏమనుకోవద్దు" అని వెళ్లిపోయాడు.

ఇంటికి పరిగెత్తి, ఆ పొడితో ఇచ్చిన కాగితం మొత్తం చదివి, తిరిగొచ్చి చెప్పేశాను. "నాయనా, అది పురుగును సంపే మందు. నేలకని నేనే తప్పు చెప్పినా."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "అంటే, మన్నులో ఉండేవాటికన్నిటికీ మందు పెట్టినామా?" అన్నాడు అంతే.

మర్నాటి నుంచి కలుపు తీసే తొలిక పట్టుకుని చేలో కూర్చున్నాడు. గుంట తీయడం, గుప్పెడు పెంటికలు వేయడం, మన్ను కప్పడం. నేనూ పక్కనే కూర్చుని కప్పేదాన్ని. మా చేతులకు అది తెమిలే పని కాదు. దారిన పోయేవాళ్లు ఆగి నవ్వేవాళ్లు.

"ఏమప్పా, పేడపురుగు పని నువ్వు చేస్తాండావే!"

నాయన తలెత్తకుండానే జవాబిచ్చాడు. "ఆ పనోళ్లందర్నీ సంపింది నేనే గదప్పా. ఇంగెవురు చేస్తారు?"

నేనే, అన్నాడు. పక్కన నేనున్నాను. నా వైపు చూడనైనా చూడలేదు. ఆ ఒక్క మాట నా మీద వేసి ఉంటే నేను తేలికపడి ఉండేదాన్ని.