ట్రాక్టరుకు ఏ రంగు వేయాలి

నా చిన్నప్పుడు షోళింగనల్లూరులో మా ఇంటి వెనక పాకలో ఒక ఎర్ర ట్రాక్టరు ఉండేది. ఇప్పుడు ఆ ఊరి పేరెత్తితే అందరికీ అద్దాల కట్టడాలూ ఆఫీసు బళ్లూ గుర్తుకొస్తాయి. అప్పుడు అదంతా ఇసక నేల. మేము సవుకు అనే సరుగుడు తోపులు, వరి మళ్లు, వేరుశనగ చేలు, పొద్దు వాలిందంటే సముద్రం వైపు నుంచి వీచే గాలి. మా వాళ్లు ఎన్ని తరాల కిందట అక్కడికి చేరారో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలోకి పోతే అరవం.

ట్రాక్టరు కొత్తదేమీ కాదు. ఎవరో దొర తన తోటలో బాగా వాడుకుని, దేశం విడిచిపోతూ అమ్మేస్తే మా నాయన తెచ్చుకున్నాడు. ముందు నుంచి ఇనప కమ్మీ పెట్టి తిప్పితే గాని లేచేది కాదు. దున్నడానికీ అదే, బావిలో నీళ్లు తోడడానికీ అదే. బావి గట్టున నిలబెట్టి, దాని పక్కనుండే చక్రానికీ పంపు చక్రానికీ కలిపి వెడల్పాటి బెల్టు తగిలించేవాడు. పంపు నీళ్లు పట్టుకోవాలంటే ముందు ఒకరు దాని నోట్లో చెంబుతో నీళ్లు పోసి నింపాలి. పోసే మనిషి చెయ్యి బెల్టుకు జానెడు దూరంలో ఉంటుంది. అందుకని నాయనకు ఒక పద్ధతి ఉండేది. బెల్టును తిరగనిచ్చే ముందు "జరుగో" అని పెద్ద కేక వేసేవాడు. ఆ కేక వంటింట్లో ఉన్న మా అవ్వకు కూడా వినపడేది. అది వినపడగానే అవ్వ ఉతికే బట్టలు నా చేతికిచ్చి కాలవ దగ్గరికి తరిమేది.

పంపులో నీళ్లు పోసేది పక్కింటి అక్క. వాళ్ల చేను మా చేనుకు ఆనుకునే ఉండేది, మా బావి నీళ్లే వాళ్లకూ పారేవి. ఆ ఇంట్లో మగపిల్లలు లేరు. వాళ్ల నాయనకు, అంటే పక్కింటి మామకు, మోకాళ్ల నొప్పులు. అందుకని పైరు మంచీ చెడ్డా అంతా అక్కే చూసుకునేది. పార భుజాన వేసుకుని గట్ల మీద పోతుంటే నేను వెనకాలే పరిగెత్తేదాన్ని. జారి బురదలో పడితే, "నువ్వు నడస్తాంటే గట్టుకే బయమవతాది మే" అని నవ్వేది. పెళ్లి సంబంధాల మాట వస్తే, నాతోపాటు ఈ మడి కూడా వస్తుందా అని అడిగేదట. ఆమెకు ఆ మడి మీద అంత ప్రాణం.

అక్క చేతికి దెబ్బ తగిలిన పొద్దు నేను ఊళ్లో లేను. మా పిన్నమ్మ పెళ్లికి బట్టలు తేవడానికి మా అమ్మ నన్ను పట్నంలోని పురసవాక్కం తీసుకుపోయింది. సాయంత్రం మూటలతో తిరిగివచ్చేసరికి మా వాకిట్లో జనం ఉన్నారు, నాయన లేడు. పంపులో నీళ్లు పోస్తున్న అక్క చెయ్యి బెల్టులో పడిందనీ, నాయనే ఆమెను ఎత్తుకుని అద్దె బండిలో వేసుకుని పట్నం పెద్దాసుపత్రికి పోయాడనీ చెప్పారు. కుడిచేతి వేళ్లు రెండు అక్కడే పోయాయి. మణికట్టు విరిగి, అతికింది గాని వంగలేదు.

నాయన ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. గంజి తాగించాడు, డాక్టర్ల వెంట తిరిగాడు, కన్నకూతురికి చేసినట్టు చేశాడు. ఊరంతా ఆయనను మెచ్చుకుంది. మెచ్చుకున్న నోటితోనే అక్కను తప్పుబట్టింది. పైట జారిందట, సర్దుకుంటూ ఉండిపోయిందట. ఆడపిల్లకు మిషను దగ్గర ఏం పని అన్నారు. చూసినవాళ్లెవరూ లేరు, చెప్పేవాళ్లు మాత్రం ఇంటికొకరు. చివరికి ఆమెకు 'పరాకు పిల్ల' అని పేరు పడిపోయింది. కట్టు కట్టుకుని ఇంటికి వచ్చిన అక్కను పక్కింటి మామ ఇంక గడప దాటనివ్వలేదు. వంటింట్లో కూర్చోమన్నాడు. వచ్చే పంటకు చేను ఎవరికో కౌలుకిచ్చేస్తానని మాట కూడా ఇచ్చాడు. వేళ్లు పోయినందుకు ఏడవని అక్క ఆ మాటకు ఏడ్చిందని మా అమ్మ చెప్పింది.

మా నాయన ఆసుపత్రి నుంచి వచ్చాక మునుపటి మనిషి కాదు. కంచం ముందు కూర్చునేవాడు, అన్నం కలిపేవాడు, అట్లాగే లేచిపోయేవాడు. పక్కింటివైపు చూసేవాడు కాదు. ట్రాక్టరును బావి దగ్గర నుంచి తెచ్చి పాకలో పెట్టాడు, దాని వైపూ చూసేవాడు కాదు. ఒక రోజు ఉన్నట్టుండి పట్నంలో వాషర్‌మెన్‌పేట్ పోయి నీలం రంగు డబ్బాలు, బ్రష్షులు, తుప్పు రుద్దే ఉప్పు కాగితం కొనుక్కొచ్చాడు. బండి పాతబడి తుప్పు పట్టిందనీ, తానే రంగు వేసుకుంటాననీ అన్నాడు.

ఆ పని ఎంత ఓపికగా చేశాడో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు జిడ్డు పోయేదాకా కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. తరవాత ఇనప బ్రష్షుతో గీకాడు. పాత ఎరుపు పెచ్చులు పెచ్చులుగా రాలి ఇసకలో పడేది. మూలల్లోకి బ్రష్షు పోకపోతే విరిగిన కత్తి మొన పెట్టి తవ్వేవాడు. ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది వేళ్ల చివర్లు పగిలాయి. గాలికి ఇసక వచ్చి తడి రంగుకు అంటుకుంటుందని మా అమ్మ పాత చీరలు తీసుకుపోయి పాక చుట్టూ కట్టాడు. "బండికి చీరలు కట్టినావు, ఇంక గాజులు కూడా తొడుగు, పేరంటానికి తీసుకుపోతా" అని అమ్మ సణిగింది. నాయన నవ్వలేదు. వెనక చక్రం మీది రేకుకు మొదట నీలం వేశాడు. మా కోడిపెట్ట ఒకటి దాని మీదికెక్కి, నీలం కాళ్లతో వాకిలంతా తిరిగింది. దాన్ని చూసి నేనొక్కదాన్నే నవ్వాను. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైనట్టుంది, నా నవ్వు నాకే వింతగా అనిపించి ఆపేశాను.

ఆ మధ్యాహ్నం అవ్వ చింతపండు గింజలు తీస్తుంటే నేను పక్కనే ఉన్నాను. నాయన నీళ్లు తాగడానికి వంటింట్లోకి వచ్చాడు. అవ్వ తల ఎత్తకుండానే అడిగింది.

"అబ్బయా, ఆ పొద్దు నీ కేక నాకు వినపడలేదే?"

నాయన చెంబు కింద పెట్టాడు. "నీకు చెవులు మందగించినాయిలే అమ్మా" అన్నాడు. అని వెళ్లిపోయాడు.

అవ్వకు చెవులు ఎంత బాగా పనిచేస్తాయో నాకు తెలుసు. పెరట్లో నేను జామకాయ కోస్తే వాకిట్లో నుంచి తిట్టే మనిషి. ఆమె కాసేపు గింజలు తీస్తూనే ఉంది. ఆ మొహంలో కోపం లేదు. కన్నకొడుకును నలుగురిలో నిలదీయలేదు. అట్లాగని వినపడని కేకను వినపడిందని ఒప్పుకోనూలేదు. చివరికి చేతులు కడుక్కుని నన్ను పిలిచి, పక్కింటికి పోయి అక్కతో ఒక మాట అడిగి రమ్మంది. ట్రాక్టరుకు ఏ రంగు వేయాలో అక్కను అడగమంది. అంతకుమించి ఏమీ చెప్పొద్దంది.

నేను పోయేసరికి అక్క ఎడమచేత్తో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి పోయాక ఆమె ముందు నిలబడాలంటే నాకు భయంగా ఉండేది, గోడ వైపు చూస్తూ అడిగాను. ఎవరు అడగమన్నారని అక్క అడిగితే అవ్వ అని చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి లేచింది. "చూసి చెప్తా పద" అంది. అరుగు మీదున్న పక్కింటి మామ యాడికి యాడికని అరుస్తూ, మోకాలు పట్టుకుని మా వెనకాలే వచ్చాడు.

పాకలో నాయన ఇంజను మూతకు బ్రష్షు పెట్టబోతున్నాడు. పాకకు కట్టిన చీర పక్కకు జరిపి అక్క లోపలికి రాగానే ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆమె బండి చుట్టూ మెల్లగా తిరిగింది. గీకిన ఇనుమును చూసింది, నీలం రేకును చూసింది, బెల్టు తగిలించే చక్రం దగ్గర కాస్త ఆగింది. అవ్వ కూడా వచ్చి గుంజకు ఆనుకుని నిలబడింది.

"ఎర్రదే వెయ్యి మామా" అంది అక్క మా నాయనతో.

పక్కింటి మామ కసిరాడు. ఎర్రది కంటబడితే అదే గుర్తుకొస్తుంది, వద్దు, తెచ్చిన నీలమే వెయ్యనీ అన్నాడు. అక్క ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"రంగు మార్చేస్తే ఎట్ల నాయనా? నీ చెయ్యి ఏ బండిలో పోయిందే అని రేపు ఎవరన్నా అడిగితే ఏది చూపించేది? ఆ ఎర్ర బండి ఇంక ఉండదు. నా పరాకు ఒకటే మిగులుతాది ఈడ."

చీరలు గాలికి కొట్టుకుంటున్నాయి. నాయన బ్రష్షు డబ్బాలో పెట్టి, గుడ్డ ఒకటి కిరసనాయిల్లో ముంచి, వెనక రేకు మీది నీలం తుడవడం మొదలుపెట్టాడు. ఇంకా ఆరని రంగు కదా, చారలు చారలుగా కారి ఆయన మోచేతి దాకా పాకింది. మాకు వీపు పెట్టి తుడుస్తూనే ఉన్నాడు. తుడవడానికి ఇంకేమీ లేకుండాపోయాక ఇటు తిరిగాడు.

"అన్నా, ఆ పొద్దు నేను కేకెయ్యలేదు" అన్నాడు పక్కింటి మామతో. "పాప చెంబు వంచతానే ఉంది. పోసి పోయిందనుకున్నా, తిరిగి చూడలా. బెల్టు వదిలేసినా. పరాకు నాది."

అసలు విషయం మాకు ఆ తరవాత తెలిసింది. ఆసుపత్రిలోనే అక్క ఒకసారి తన నాయనతో, మా నాయన కేక వేయలేదని చెప్పిందట. ఎత్తుకొచ్చి ప్రాణం నిలబెట్టిన మనిషి మీద నింద వేస్తావా అని ఆయన ఆమె నోరు మూయించాడట. మా నాయన చేసిన మంచి పనే ఆమె మాటకు అడ్డం పడిందన్నమాట. ఇప్పుడు ఆ ముసలాయన ముందు మా నాయనను చూశాడు, తరవాత కూతురిని చూశాడు. కూతురిని చూసినప్పుడే ఆయన కళ్లు నిలవలేదు. పైపంచెతో మొహం తుడుచుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

అందరూ మంచిగా కలిసిపోయారని చెబితే వినడానికి బాగుంటుంది గాని, అట్లా జరగలేదు. మరునాడు నాయన తనంతట తానే నలుగురూ కూర్చునే టీకొట్టు దగ్గరికి పోయి ఆ మాటే చెప్పాడు. మెచ్చుకున్నవాళ్లే మొహం తిప్పుకున్నారు. ఇన్నాళ్లూ ఏం పట్టుకుని కూర్చున్నావని మా అమ్మ ఇంట్లో ఏడ్చింది. పక్కింటి మామ మా నాయనతో మాట్లాడడం మానేశాడు, తాను పోయేదాకా మళ్లీ మాట్లాడలేదు. కాని చేను కౌలుకివ్వలేదు. పారకు పొట్టి పిడి వేయించి అక్క చేతికిచ్చాడు. ఎడమచేత్తో అలవాటు పడడానికి ఆమెకు చాలా కాలం పట్టింది, మొదటి పంట సగమే వచ్చింది. 'పరాకు పిల్ల' అన్న మాట మాత్రం ఊళ్లో మళ్లీ వినపడలేదు. నాయన మళ్లీ వాషర్‌మెన్‌పేట్ పోయి ఎర్ర రంగు తెచ్చాడు. అది వేస్తున్న రోజుల్లో ఆయన కంచంలో అన్నం మిగిల్చి లేవడం తగ్గింది. అవ్వ ఆ సంగతి గమనించి మజ్జిగ ఇంకొంచెం పోసేది, అంతే.

పెద్దయ్యాక ఒకసారి అవ్వను అడిగాను, నువ్వే నలుగురిలో చెప్పేసి ఉండొచ్చు కదా అని. నేను చెబితే తల్లీకొడుకుల తగువవుతుంది, దెబ్బ తిన్నది ఎవరు, నేనా అంది. ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదే, అందుకే అడిగి రమ్మన్నాను అంది.

నేను పెద్దగా చదువుకోలేదు. ఆ పాకలో విన్నదే నాకు పెద్ద చదువు. ఆ మధ్య మా మనవడు స్కూటరుతో ఆకుకూరల గంప ఎత్తుకొచ్చే ఆమెను గుద్ది ఇంటికొచ్చాడు. ఇంట్లో అందరూ స్కూటరు చుట్టూ చేరి, సొట్ట ఎవరి దగ్గర తీయించాలి, ఎవరికీ తెలియకముందే ఎట్లా బాగు చేయించాలి అని మాట్లాడుకుంటున్నారు. వాడు పిల్లవాడు, భయపడ్డాడు, నాకూ వాడి మీద జాలేసింది. అయినా చెప్పులు వేసుకుని వాణ్ని వెంటబెట్టుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాడు దారిలో, అక్కడికి పోయి ఏం చెప్పాలి అవ్వా అని అడిగాడు. చెప్పడం తరవాతరా, ముందు ఏం జరిగిందో ఆమెను అడుగు, ఆమె చెప్పేదాకా అక్కడే నిలబడు అన్నాను.