కాణిపాకంలో నా ప్రమాణం

1997 మే 22, గురువారం. పొద్దున పదీ ఇరవైకి మా అన్న చిత్తూరులోని మా ఇంటి గేటు తీశాడు. కుక్కరు దింపి గడియారం చూసిన క్షణం అది, అందుకే నిమిషంతో సహా గుర్తుంది. తిరుపతి నుంచి బస్సులో వచ్చినవాడు చెప్పులైనా విప్పకుండా, జేబులోంచి ఒక ఇన్‌లాండ్ లెటరు తీసి నా ముందు పెట్టాడు.

"చదువు."

సంతకం లేని ఉత్తరం. నాయుడుపేటలో మా మేనకోడలికి కుదిరిన సంబంధం వాళ్లకు ఎవరో రాశారు. ఐదు వాక్యాలు. మీరు చేసుకోబోయే పిల్లకు మూర్ఛ ఉంది. 1989 నుంచి 1993 లోపల ఏడుసార్లు వచ్చింది. ఇప్పటికీ మందులు మింగుతోంది. మీకు చెప్పకుండా పెళ్లి చేస్తున్నారు. విచారించుకోండి. మగపెళ్లివాళ్లు ఆ ఉత్తరాన్ని మా అన్న చేతికే ఇచ్చి, జూన్‌లో పెట్టుకున్న ముహూర్తం రద్దు చేసుకున్నారట.

"ఏడుసార్లని నాకే తెలీదు. దాన్ని కన్న తల్లికే తెలీదు. ఇంత లెక్కగా రాసేది మన వంశంలో ఎవురుండారో నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ పిల్ల మా అన్న కూతురు. మాకు పిల్లలు లేరు. పదో ఏట మా ఇంటికి వచ్చి, డిగ్రీ అయ్యేదాకా పదేళ్లు మా దగ్గరే ఉండి చదువుకుంది. మొదటిసారి మూర్ఛ వచ్చింది మా వంటింట్లోనే. ప్రతిసారీ తేదీ, ఎన్ని నిమిషాలు ఉందీ నా డైరీలో రాసుకుని డాక్టరుకు చూపించేదాన్ని. చివరిది 1993 నవంబరులో. ఆ తర్వాత మూడున్నరేళ్లుగా రాలేదు. సంబంధం మాట్లాడేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పాలని వాదించింది కూడా నేనే. డాక్టరు కాగితం చూపించి, తగ్గిందని చెప్పండి అన్నాను. మా వదిన నావైపు చూడకుండా, "మూడు ముళ్లు పడినాక అన్నీ చెప్తాంలే, నువ్వు గమ్మునుండు" అంది. ఆ రోజు ఆ గదిలో తొమ్మిదిమంది ఉన్నారు. చెప్పాలన్నది నేనొక్కదాన్నే.

కాబట్టి ఉత్తరం నేనే రాశానన్నారు. చెప్పాలని అన్నదానికీ, దొంగచాటుగా రాసినదానికీ మధ్య ఉన్న దూరం ఎవరికీ కనబడలేదు. నేను ముప్పై ఆరేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఇలా మధ్య మెట్లు ఎగరగొట్టి జవాబు రాసిన పిల్లకు సున్నా వేసేదాన్ని.

"నువ్వు రాయలేదంటే కాణిపాకం వచ్చి చెప్పు. ఆడ చెప్తే నమ్ముతా" అన్నాడు అన్న.

మా జిల్లాలో ఏ తగువూ తెగకపోతే చివరికి కాణిపాకం చేరుతుంది. స్నానం చేసి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేయాలి. అబద్ధమాడినవాణ్ణి స్వామి వదలడని నమ్మకం. కోర్టులో బొంకి వచ్చినవాడు కూడా అక్కడ నోరు తెరవడానికి జంకుతాడని మా నాయన చెప్పేవాడు.

నా సంగతి వేరు. దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉన్నాడనడానికి రుజువు దొరకలేదు, లేడనడానికీ దొరకలేదు. ఇంట్లోవాళ్లు దీన్ని నాస్తికం అనేవారు. కాదని చెప్పి చెప్పి విసిగిపోయాను. లేడనేవాడికైనా ఒక ధీమా ఉంటుంది, నాకు అదీ లేదు.

"భయం లేనిదాని ప్రమాణం నీకెందుకు పనికొస్తుంది?" అని అన్నను అడిగాను. "నేను అబద్ధం ఆడదలచుకుంటే అక్కడా ఆడగలను. నిజం చెప్పదలచుకుంటే ఇక్కడా చెప్పగలను, ఇప్పుడు చెప్పాను కూడా."

రెండు రోజుల్లో ఈ మాట తిరుపతి చేరి, వదిన నోట మారి తిరిగి వచ్చింది. "సూసినారా, సామి ముందరికి రాదంట. ఎందుకొస్తాది?"

ఇక్కడిదాకా నేను చలించలేదు. చలించింది మా ఆయన వల్ల. ఆయన గుమాస్తాగా రిటైరయిన మనిషి, భక్తుడు. మా పెళ్లి 1965లో అయింది. ముప్పై రెండేళ్లలో నేను పూజగదిలో కూర్చోలేదు, ఆయన కూర్చోమనలేదు. ఆ వారం మాత్రం అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"రాయలేదు కదా, ఇంక ఏమిటికే భయం?"

"భయం కాదు."

"అయితే ఆ మాటేదో ఆడ చెప్పేసి రా. నాకోసరం."

"నేను రాయలేదని మీరు నమ్ముతున్నారా?"

"నమ్మకపోతే పొమ్మంటానా?"

ఆ జవాబు నాకు చాలనిపించింది. జూన్ 8, ఆదివారం, పొద్దున ఏడుంబావుకు తడిచీరతో నిలబడ్డాను. మా అన్న, వదిన, మేనకోడలు, మా ఆయన, మరో నలుగురు బంధువులు వచ్చారు. "ఈ ఉత్తరం నేను రాయలేదు, ఎవరిచేతా రాయించలేదు, రాసినవాళ్లెవరో నాకు తెలియదు" అన్నాను. ఏ సందూ మిగలకుండా ఆ మూడు ముక్కలూ ముందే కుదుర్చుకున్నాను.

బయటికి వచ్చాక అన్న కొంచెం మెత్తబడ్డాడు. "పంతులమ్మ గదా, ప్రమాణం గూడా లెక్క మాదిరే చేసింది" అని నవ్వాడు. వదిన నవ్వలేదు. "దేవుడే లేడనేదానికి ప్రమాణం ఎంత సేపు? నీళ్లు తాగినట్టు చేసేసింది" అంది. చేయకపోతే దొంగను, చేస్తే చెల్లదు.  మేనకోడలు నా చీర కొంగు పిండి, పొడి తువ్వాలు అందించింది.

జూలై 17న మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, సగం నోరు. ప్రమాణం నుంచి ముప్పై తొమ్మిదో రోజు.

తిరుపతిలో ఆస్పత్రిలో పెట్టాం. మండలం లోపలే స్వామి చూపించాడన్నారు. మండలం అంటే మావైపు కొందరికి నలభై రోజులు, కొందరికి నలభై ఒకటి, అరవ సరిహద్దు దగ్గరైతే నలభై ఎనిమిది. అది దాటితే మూడు నెలలంటారు, అదీ దాటితే ఏడాది. దెబ్బ ప్రమాణం చేసినవాళ్లకే తగలాలని కూడా లేదు, ఇంట్లో ఎవరికి తగిలినా లెక్కే. ఇంత వెడల్పు వల వేస్తే అరవై దాటినవాళ్లున్న ఏ ఇల్లయినా చిక్కుకోకుండా ఉంటుందా? ఆస్పత్రిలో ఉన్న ఇరవై ఆరు రోజుల్లో పలకరించడానికి నలభైముగ్గురు వచ్చారు. కాణిపాకం మాట ఎత్తనివాళ్లు ఆరుగురు. వాళ్లలో ఇద్దరికి సంగతి తెలియదు. మేనకోడలు మొదటిరోజు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

ఇంటికి వచ్చాక నేను ఆయన బీరువా సర్దుతుంటే బీపీ మాత్రలు బయటపడ్డాయి. 1991 నుంచి రోజూ పొద్దున టిఫిను తిన్నాక ఒకటి వేసుకోవాలి. జూన్ 7న నేనే నాలుగు అట్టలు తెచ్చాను, నలభై మాత్రలు. పదిహేడు మిగిలాయి. జూన్ 8 నుంచి జబ్బుపడే ముందురోజు వరకు ముప్పై తొమ్మిది వేసుకోవాల్సింది, వేసుకున్నవి ఇరవై మూడు. పదహారు రోజులు మానేశాడు. గోడమీది క్యాలెండరు చూస్తే పెన్సిలు చుక్కలు కనిపించాయి. ప్రమాణం అయిన వారం నుంచి ప్రతి మంగళవారం, శుక్రవారం, శనివారం. లెక్కపెట్టాను, పదహారు.

ఆ రోజుల్లో పొద్దున్నే గుడికి పోయి, దారిలో ఇడ్లీ తిన్నానని చెప్పేవాడు. నేను నమ్మాను. నిజానికి చీకటి పడేదాకా పచ్చి గంగ ముట్టని ఉపవాసం. ఖాళీ కడుపున మాత్ర వేసుకోకూడదని మానేశాడు. మంగళవారం వినాయకుడికి, శుక్రవారం అమ్మవారికి, శనివారం కొండమీది స్వామికి. ఎవరి కోసమో అడగక్కరలేదు. నాకేమీ కాకూడదని.

 నిజం చెప్పినదాని కోసం ఎవరైనా ఉపవాసం చేస్తారా? నా మాట మీద ఆయనకు పూర్తి నమ్మకం ఉంటే ఆ ఇరవై మూడూ ముప్పై తొమ్మిదై ఉండేవి. ప్రమాణానికీ పక్షవాతానికీ సంబంధం లేదని నేను వాదించలేను. సంబంధం ఉంది, కాకపోతే వాళ్లనుకున్న దారిలో కాదు.

1998 జనవరిలో ఆయనకు కొంచెం మాట వచ్చింది. అన్నం తినిపిస్తుంటే ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని, ముద్దముద్దగా అడిగాడు.

"రాసింటే చెప్పు. నేనెవురికీ చెప్పను."

"రాయలేదు."

"సామి దగ్గిరికి పోయి ఒప్పుకుంటే... నా చెయ్యి వస్తాదేమో."

అవునని ఒక్కమాట అంటే ఆయనకు ఒక ఆశ దొరికేది. కాణిపాకం మా ఇంటి నుంచి అరగంట దారి. పోయి చెంపలేసుకుని వస్తే, చెయ్యి రాకపోయినా వస్తుందని ఎదురుచూస్తూ బతికేవాడు. అదంతా ఆ ముద్ద చేతిలో ఉండగానే ఆలోచించాను. "రాయలేదు" అని మళ్లీ అన్నాను. ఆయన చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగాడు. అబద్ధం ఆడనందుకు నన్నెవరూ మెచ్చుకోలేదు. నేనూ మెచ్చుకోలేదు. ఆ తర్వాత ఆ ప్రసక్తి తేలేదు, 1999 మార్చి 14న పోయేదాకా.

2003 ఆగస్టు 10, ఆదివారం, మేనకోడలు వచ్చింది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ల ఐదు నెలలు, నాలుగు రోజులు తక్కువ. ఏర్పేడులో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేస్తోంది. కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చి కూర్చుని చెప్పింది.

"అత్తా, ఆ ఉత్తరం నేనే రాసినా. ఎడమచేత్తో."



"దాచిపెట్టి చేసుకుంటే రేపు ఆ ఇంట్లో వస్తే నా గతేమని. నువ్వు గూడా చెప్పాలనే అంటివి గదా. నీ డైరీ సూసి ఏడని రాసినా. నమ్మాలి గదా వాళ్లు."

"నేను తడిచీరతో నిలబడినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు."

"నాయన సంపేస్తాడని భయమత్తా. అయినా నువ్వు రాయలేదు, సామికి తెలుసు, నీకేం కాదులే అనుకొంటి."

"మీ మామకు అయింది కదా."

తల దించుకుంది. "అప్పుడు నాకేమీ తోచలేదు. సామి తప్పు చెయ్యడు గదా. నువ్వు ఇంకేదో పెద్ద తప్పు చేసింటావు, దానికి ఇట్ల చూపించినాడు అనుకొంటి."

పదేళ్లు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఉత్తరం తన చేత్తోనే రాసింది. అయినా దేవుడి లెక్క తప్పడం కంటే నేను తప్పుచేసి ఉండటమే దానికి సులువుగా అనిపించింది.

"పోయి మీ నాయనకు చెప్పు" అన్నాను.

"ఇప్పుడు యాడ చెప్పేదత్తా, ఆయనకు గుండె ఆపరేషనయ్యింది."

"కాణిపాకం వచ్చి చెప్తావా?"

దాని ముఖం పాలిపోయింది. "వద్దత్తా. నాకు భయం."

పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, నన్ను ఓదార్చడానికే అనుకుంటాను, "మామకు ఇప్పుడు తెలిసే ఉంటాదిలే. పైనించి సూస్తా ఉంటాడు" అంది. దానికి అంత తేలిగ్గా దొరికిన ఆ మాట కోసం నేను ఏదైనా ఇచ్చేదాన్ని. ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. తెలియదనే మాటను ఎన్నో ఏళ్లు తలెత్తుకుని చెప్పాను. ఇప్పుడు అది అన్నం గొంతుకడ్డం పడినట్టు పడుతుంది.

ఇది రాస్తున్నది 2008లో. పోయినవి ఇవి. తిరుపతిలో అన్న, పదకొండేళ్లుగా మాటలు లేవు. నన్ను పిలవని పెళ్లిళ్లు తొమ్మిది, గృహప్రవేశాలు నాలుగు. మేనకోడలు, ఆ ఆదివారం తర్వాత నేనే రావద్దన్నాను. భర్త. ప్రమాణం చేసిన రోజు నుంచి చావు దాకా నన్ను నమ్మకుండా ఆయన నా పక్కన బతికిన రోజులు, ఆరువందల నలభై నాలుగు.