తిప్పతీగ మీద నరసింగరావు నోటీసు

నరసింగరావు భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్ఫయ్యేళ్లు సేఫ్టీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైంది ఉద్యోగం నుంచే గాని, ఇన్‌స్పెక్షన్ నుంచి కాదు. సెక్టర్ 4 క్వార్టర్లో కుక్కరు ఎన్ని విజిళ్లు వేసిందో కూడా ఆయనే లెక్కపెట్టేవాడు.

పెరట్లో మాత్రం ఆయన పెత్తనం సాగేది కాదు. అది భార్య కామాక్షమ్మది. పెళ్లైన కొత్తలో పార్వతీపురం పుట్టింటి నుంచి ఆవిడ తెచ్చి నాటిన తిప్పతీగ ఈ ఇనుప ధూళిలోనూ గోడంతా అల్లుకుంది. చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ నాటుకోమని దాని అంట్లిచ్చింది ఆవిడే. పుట్టిల్లు ఎప్పుడో అమ్మేశారు. అమ్మ చేతిదంటూ ఆవిడకి మిగిలింది ఈ తీగొక్కటే.

కాలేజీలో పరిశోధన చేసే కల్యాణి ఒకరోజు వచ్చి వేరూ కాడా ఆకూ పట్టుకెళ్లింది. రెండు నెలలకి సంబరంగా తిరిగొచ్చి, తీగ లోపల ముప్ఫై రకాల బ్యాక్టీరియా కాపురముంటున్నాయనీ, వేరులో ఉన్నవి వేరు, ఆకులో ఉన్నవి వేరనీ చెప్పింది. అవి మంచివనీ, తీగకి బలమిచ్చి తెగుళ్లు రాకుండా కాస్తాయనీ కూడా చెప్పింది. అది వినడానికి నరసింగరావు అక్కడుంటే కదా! బ్యాక్టీరియా అన్న మాట చెవిన పడగానే నోటీసు రాయడానికి లోపలికి పోయాడు మహానుభావుడు.

తిప్పతీగలో ముప్ఫై రకాల బ్యాక్టీరియా ఉన్నట్టు పరీక్షలో తేలినందున ప్రతి ఇంటా వేళ్లతో సహా పీకి కాల్చవలెనని తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తన తీగని మాత్రం పీకలేదు. పెళ్లాం సొత్తు మీద ఆమాత్రం దయ ఉంది. ఆవిడ భిలాయి-3లో కూతురింటికి వెళ్లిన వారం రోజులూ తీగ మొదలుకి బ్లీచింగ్ పొడి నీళ్లు పోసి, ఆకాకునీ ఫినాయిల్‌తో తుడిచాడు.

ఆవిడ వచ్చేసరికి తీగ ఎండి వేలాడుతోంది. కబురందుకుని వచ్చిన కల్యాణి వేరు గీరి చూసింది.

"తీగా ఖతం, లోపలివీ ఖతం అంకుల్. ఎవరింట్లోనైనా దీని అంటు ఉంటే తెండి, మళ్లీ నాటుదాం."

నరసింగరావు తొమ్మిది ఇళ్లు తిరిగాడు. అందరూ కూర్చోబెట్టి టీ ఇచ్చి, మీ నోటీసు చూసిన రోజే పీకి కాల్చేశామన్నారు. ఒకాయనైతే బూడిద ఫొటో కూడా చూపించాడు. డ్యూటీలో ఉండగా హెల్మెట్ పెట్టుకోండయ్యా అని ఈయన మొత్తుకుంటే నవ్విపోయినవాళ్లే వీళ్లంతా.

ఇంటికొచ్చేసరికి కామాక్షమ్మ కొత్త కుండీలో మట్టి నింపుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"దొరికిందేటండీ?"

ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. తన మాట వినని మొండివాడు ఈ ఊళ్లో ఒక్కడు మిగిలినా, వెళ్లి వాడి కాళ్లు పట్టుకునేవాడు.