క్రిస్టోఫర్ పెదవికి కుదిరిన మౌత్‌పీస్

ఫరంపేట క్రిస్టోఫర్‌దీ నాదీ ఒకటే బ్యాండు. వాడు ట్రంబోన్, నేను క్లారినెట్. ఇరవై ఆరేళ్లుగా యానాం చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, చర్చి పండగలకీ, శవయాత్రలకీ కలిసి నడిచాం. గొట్టం ముందుకు చాచితే ఎవరి వీపుకీ తగలకూడదు గనక ట్రంబోన్ వాడు ముందు వరసలో నడవాలి. అందుకే జనానికి మా బ్యాండంటే వాడి మొహమే గుర్తు.

వాడు మహా మొండి. పాట కుదరకపోతే తప్పు తనదని ఛస్తే ఒప్పుకోడు. డీజే బాక్సులొచ్చాక ఆ మొండితనం ఇంకా ముదిరింది. అంత మోతలోనూ తన ఊదు వినబడి తీరాలని మెడ నరాలు ఉబ్బేలా ఊదేవాడు.

మొన్న వేసవి ముహూర్తాల్లో వాడి కింది పెదవికి పుండు లేచింది.

"మౌత్‌పీస్ కోసేస్తందిరా పాపారావూ," అన్నాడు.

నిజమే, అది పాతది. వెండి పూత పోయి అంచున ఇత్తడి తేలింది. అయినా నేను ఊరుకున్నానా? "ఆడలేక మద్దెల ఓడన్నాడంట నీలాంటోడే!" అని నలుగురిలో వెక్కిరించాను. ఆ మాట తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

దరియాలతిప్పలో సుదీప్ అని ఇంకో ట్రంబోన్ వాడున్నాడు. క్రిస్టోఫర్ వాడి దగ్గర వెడల్పు అంచు మౌత్‌పీస్ అడిగి తెచ్చుకున్నాడు. అంచు వెడల్పుగా ఉంటే ఒత్తిడి పెదవంతా పరుచుకుంటుంది, ఒకేచోట కోయదు. పది రోజులు హాయిగా ఉందన్నాడు. పుండు మాత్రం మానలేదు. వాడి భార్య ఆరోగ్యమ్మ వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించింది, మజ్జిగ పోసింది, బి-కాంప్లెక్స్ మాత్రలు మింగించింది. రెండు నెలలు గడిచాయి.

ఆషాఢం వచ్చి బ్యాండు మూలపడ్డాక ఓ రోజు ఆరోగ్యమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"అన్నయ్యా, మీరైనా చెప్పండి. కారం ముట్టడం ఎప్పుడో మానేసేరు. మొన్నటిదాకా పెరుగన్నం తింటా కూడా కళ్లంట నీళ్లెట్టుకునేవోరు. ఇప్పుడేమో బానే ఉందంటన్నారు గానీ, నాకు భయంగా ఉంది."

ఆ పూట బలవంతాన వాడి పెదవి మడిచి చూశాను. తెల్లటి మచ్చ, నడుమ ఎర్రటి గుంట. అదీ పెదవి లోపలి వైపు, చిగుళ్ల పక్కన. మౌత్‌పీస్ ఆనేది బయటి వైపు కదా! లోపల ఆ చోట వాడు పెట్టుకునేది ఖైనీ.

పెళ్లివారు ఊరేగింపు మొదలెట్టే దాకా పొద్దుపోక, వాడి అరచేతిలో మొదటి చిటికెడు వేసింది నేనే. తర్వాత నేను మానేశాను, వాడు మానలేదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిరికివాణ్ణి. "కాకినాడ పోదాం రా, మంచి మౌత్‌పీస్ చూద్దాం," అన్నాను. అటునుంచి అటే ఆసుపత్రికి లాక్కుపోవచ్చని నా ఎత్తు.

కాకినాడలో బ్యాండు సామాన్ల కొట్లో శ్రీనివాసరావు గారు మూడు మౌత్‌పీసులు తీసి గుడ్డ మీద పెట్టారు. "దీని లోపలి గిన్నె లోతండి, నాదం బరువుగా ఉంటదండి. ఇది లోతు తక్కువ, పై స్వరాలు తేలిగ్గా పలుకుతాయండి. ఇదేమో రెంటికీ మధ్యరకం, అంచు గుండ్రం."

వాడు మొదటిది ఊదాడు. బరువుగా ఉందన్నాడు. రెండోది కీచుమంటోందన్నాడు. మూడోదానితో ఓ చర్చి పాట మొత్తం ఊది దించాడు. మొహం వెలిగిపోయింది.

"ఒరే, నొప్పి లేదురా! సూదిమొనంత కూడా లేదు! ఇదేరా నాకు కావాల్సింది!"

ఆ గుండ్రటి అంచు మీద ఎర్రగా ఉంది. రక్తం. శ్రీనివాసరావు గారు పెట్టె అందుకోబోయి ఆగిపోయారు. వాడింకా నవ్వుతూనే ఉన్నాడు.

"నీ పాతది పెట్టి ఓసారి ఊదు," అన్నాను.

"ఆ ఇత్తడి ముక్కతోనా? కోసేస్తదిరా," అంటూనే సంచిలోంచి తీసి బిగించి ఊదాడు.

"నొప్పుందా?"

వాడు నాలికతో పెదవి తడుముకున్నాడు. నవ్వు ఆగిపోయింది. "లేదు," అన్నాడు నెమ్మదిగా. అప్పుడు చూశాడు చేతికంటిన రక్తాన్ని.

కింది పెదవి ముందుకు పెట్టి, దెబ్బ కాచుకునేవాడిలా కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పాపారావూ, ఇక్కడ గిల్లరా. గట్టిగా."

గోరు దిగేలా గిల్లాను. వాడి రెప్ప కూడా అదరలేదు. అలాగే కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు.

"గిల్లవేంరా?" అన్నాడు.