మూడు సిలిండర్ల బండీ, మా అక్కా

కిందటి వారం విజయవాడలో కారు సర్వీసింగుకి ఇచ్చినప్పుడు, బానెట్ ఎత్తి చూసిన అబ్బాయి చేతులు తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళ టర్బో పెట్రోలు ఇంజను ఇంత నిశ్శబ్దంగా ఉండటం అరుదండీ. ఎవరు నడుపుతారు మేడమ్?" అని అడిగాడు. ఆలోచించకుండానే "మా అక్క" అనేశాను. అక్క పోయి మూడో ఏడు నడుస్తోంది. అన్న మాట సరిదిద్దుకోవాలని కూడా అనిపించలేదు. ఆ అబ్బాయి తన పనిలో పడిపోయాడు. నేను ఎవరూ చూడని టీవీ ఎదురుగా, ఆ చల్లటి గదిలో కూర్చుని చాలాసేపు ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చాను.

అక్క జగ్గయ్యపేటలో నర్సు, నేను నందిగామ బళ్ళో లెక్కల టీచర్ని. పెళ్ళి మాటెత్తితే నవ్వేసి ఊరుకునే అక్క, మా ఆయన పోయాక నా దగ్గరికి వచ్చేసి, రోజూ బస్సులో జగ్గయ్యపేట వెళ్ళొచ్చేది. అప్పటినుంచీ ఇద్దరం ఒకే ఇంట్లో, ఆదివారం చర్చికి ఒకే గొడుగు కింద. మీకూ గుర్తుండే ఉంటుంది ఆ రోజుల్లో బస్సు ప్రయాణం: చిల్లకల్లు దగ్గర సున్నపురాయి లారీల వెనక చిక్కుకుంటే ముక్కుల్లోకీ, టిఫిను డబ్బాలోకీ ఒకే దుమ్ము. అన్నేళ్ళూ బస్సులో అలా నిలబడే తిరిగిన మనిషి, రిటైరైన వేసవిలో, తోటివాళ్ళంతా స్థలాల గురించీ బంగారం గురించీ మాట్లాడుకుంటుంటే, తను మాత్రం కారు కొంటానంది. అదీ తనే నడుపుతానంది.

కొనడానికి ముందు ఆవిడ చేసిన చదువు నేను బీయీడీకి కూడా చేయలేదు. వెయ్యి సీసీ కూడా నిండని ఇంజను, మూడే సిలిండర్లు, కానీ దానికో టర్బో ఉంటుందట. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుందట, ఆ చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజనులోకి నెడుతుందట, అందుకే అంత చిన్నదానికి నూరు గుర్రాల పైమాటే బలం ఉంటుందట. అన్నం తినేటప్పుడు పచ్చడి ముద్దకీ మజ్జిగ ముద్దకీ మధ్య ఇవన్నీ చెప్పేది. మా పిన్ని కొడుకు, ఏళ్ళ తరబడి సిమెంటు లారీ తోలినవాడు, వచ్చి తల పట్టుకున్నాడు. "పెద్దక్కా, చిన్న ఇంజనుకి టర్బో తగిలిస్తే ఎన్నాళ్ళు మన్నుతుంది చెప్పు? మామూలు పెట్రోలు బండి తీసుకో, నా మాట విను" అన్నాడు. "మన్నడం మన్నకపోవడం చూసుకునేదాన్ని బట్టిరా" అంది అక్క, అంతే.

చూసుకోవడం అంటే చంటిపిల్లని చూసుకున్నట్టే. పొద్దున స్టార్టు చేయగానే రేజ్ చేసేది కాదు. కంపెనీ చెప్పిన రకం ఆయిలే పోయించేది, అదీ గడువుకి ముందే. హైవే మీద గట్టిగా తోలుకొచ్చిన తరవాత ఇంటి ముందు ఆగినా వెంటనే తాళం తిప్పేది కాదు, టర్బో చల్లబడాలని కాసేపు ఇంజను ఆడుతుంటే అలాగే కూర్చునేది. నేను గేటు తీసి, దీపం వేసి, పాలు పొయ్యి మీద పెట్టినా ఇంకా అక్కడే ఉండేది. బండి మొదట కాస్త బద్ధకంగా కదిలి, టర్బో అందుకోగానే వెనకనుంచి ఎవరో తోసినట్టు దూకేది. ఆ క్షణంలో, ముందున్న లారీని దాటుతూ, అరవై దాటిన మా అక్క చిన్నగా ఈల వేసేది. సాయంత్రాలు వేదాద్రి దాకా వెళ్ళి, గుడికి వచ్చిపోయేవాళ్ళ పక్కనుంచి నడిచి, కృష్ణ ఒడ్డున కూర్చుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తినేవాళ్ళం.

తరవాత అక్క మూత్రపిండాలు మొరాయించాయి. వారంలో చాలా రోజులు విజయవాడ డయాలసిస్‌తోనే గడిచిపోయేవి. తను నడపలేని రోజు వస్తుందని ముందే తెలుసుకుని, ఆ వయసులో నాకు డ్రైవింగు నేర్పింది. నాకు భయం, క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోయేది. తిట్టలేదు, ఒక్కసారి కూడా.

ఆ వానాకాలంలో ఒక ఉదయం, అక్కకి ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరి సరిగా అందడం లేదు. పక్క సీటులో దిండు ఆనించి కూర్చోబెట్టి బయల్దేరాను. కీసర టోలు గేటు దాటి కంచికచర్ల దగ్గరికి వచ్చేసరికి బానెట్ కింద టప్పుమని చప్పుడైంది, మీటర్ల మధ్య పసుపు లైటు వెలిగింది, ఎంత తొక్కినా బండి లాగడం మానేసింది. వెనక లారీలు ఒకటే హారను.

"ఇంజను పోయిందే అక్కా!"

"పోలేదు. బుస్సుమంటోంది విను. టర్బో గాలి గొట్టం ఊడినట్టుంది. వేడి ఎంతుంది, చూడు."

"మామూలుగానే ఉంది."

"అయితే ఆపకు. ఎడమ పక్కకి తీసుకుని మెల్లగా పోనీ. ఏడవకు, దారి కనపడదు."

అంబులెన్సుకి ఫోన్ చేస్తానంటే, అది వచ్చేదాకా రోడ్డు పక్కన కూర్చునే కన్నా కదులుతూ ఉండటమే మేలంది. అంతసేపు మాట్లాడేసరికి ఆయాసం ఎక్కువై, ఇక నోటితో కాకుండా గేరు రాడ్డు మీదున్న నా చేతి మీద చెయ్యి వేసి, మార్చాల్సినప్పుడల్లా నొక్కుతూ వచ్చింది. పరిటాల హనుమంతుడి విగ్రహం దూరాన కనిపించి, ఎంతకీ దగ్గరికి రాదేమిటని ప్రాణం ఉసూరుమంది. టర్బో లేని ఆ మూడు సిలిండర్లూ రొప్పుతూ, లారీలన్నీ దాటిపోయేంత నిదానంగా, మమ్మల్ని ఇబ్రహీంపట్నం దాటించి ఆసుపత్రి గుమ్మంలో దించాయి. చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంటే వెనక్కి తిరిగి, ఊపిరి కూడదీసుకుని, "వెంటనే ఆపకు, కాసేపు ఆడనీ" అంది. అక్కని లోపలికి తీసుకెళ్ళారు. నేను ఆ ఆడుతున్న ఇంజను ముందు కూర్చుని, అప్పుడు ఏడ్చాను.

నిజంగానే గొట్టం క్లిప్పు జారిందట. బిగిస్తే సరిపోయింది, ఇంజనుకి ఏమీ కాలేదు. మా పిన్ని కొడుకు వచ్చి లోపలంతా చూసి, "పెద్దక్క గట్టిదే కొంది" అని ఒప్పుకున్నాడు. అక్క ఆ గండం దాటి ఇంకో ఏడాది పైగానే ఉంది.

మళ్ళీ వానలు వెలిశాక, ఆసుపత్రిలోనే పోయింది. అక్కని అంబులెన్సులో తెచ్చారు, నేను ఒక్కదాన్నే వెనక కారులో వచ్చాను. బండి ఎంత హాయిగా లాగిందో! ఎక్కడా తడబడలేదు. ఆ ఒక్కరోజైనా ఎక్కడో ఆగిపోతే, ఇంటికి చేరడం కాస్త ఆలస్యమైతే బాగుండుననిపించింది.

మన కాలంలో బస్సు ఎప్పుడొస్తుందో, మధ్యలో ఎక్కడ చెడుతుందో తెలిసేది కాదు. అందుకే ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు వీధిలోకి చూస్తూ ఉండేవారు, పక్క సీటావిడ మనతో పాటు దిగి మరీ ఇల్లు ఎటువైపో అడిగేది. ఇప్పుడు రోడ్లు వెడల్పయ్యాయి, అద్దాలు మూసుకున్న కార్లు ఒకదాన్నొకటి పలకరించకుండా సాగిపోతున్నాయి. నేనూ అలాగే, ఒక్కొక్క సాయంత్రం పని లేకపోయినా జగ్గయ్యపేట దాకా వెళ్ళి, నందిగామలో దొరికే కూరగాయలే అక్కడ కొనుక్కుని వస్తుంటాను. అనుకున్న వేళకే ఇల్లు చేరతాను. చేరానని చెప్పడానికి ఫోన్ చేతిలోకి తీసుకుంటాను, ఎవరికి చేయాలో తోచక అలాగే కాసేపు పట్టుకుని ఉంటాను.